‘కాదు’ తీసేసిన ఇటాలియన్

మా వీధి కుక్కని నేను ఇటాలియన్‌లో పలకరిస్తాను. తోక ఊపుతుంది. ఇంతవరకూ నా ఇటాలియన్‌ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా అర్థం చేసుకున్న ప్రాణి అదొక్కటే. నాకు ఆ భాషలో వచ్చినవి నలభై మాటలు. అందులో సగం తిండి, పావు దండాలు. మిగిలిన పావు ఏమిటో నాకూ తెలీదు. నేర్పిన మాస్టారు ఓడలో వంట చేసినవాడు కాబట్టి అవి ఉల్లిపాయలు తరిగేవాళ్లని తిట్టే మాటలై ఉంటాయని నా అనుమానం. ఆరో తరగతి మధ్యలో బడి ఎగ్గొట్టి మళ్లీ ఆ గుమ్మం తొక్కనివాడికి ఈపాటి రావడమే ఎక్కువని మా ఆవిడ అంటుంది. అది మెచ్చుకోలు కాదని మీకు చెప్పక్కర్లేదు.

అరకు చుట్టుపక్కల కాఫీ యూనిట్లలో కొత్తగా చేరుతున్న పిల్లలు టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకుని, "తాతా, నువ్వు ఇటలీ ఆవిడతో ఆవిడ బాసలోనే మాటాడినావట, ఏటి మాటాడినావేటి?" అని అడుగుతుంటారు. దానికి నా దగ్గర తయారుగా ఒక కథ ఉంది. అందులో నేనే హీరోని. ఇది ఆ కథ కాదు. కాగితం మీద రాస్తున్నాను కాబట్టి ఇందులో కొంచెం నిజం కూడా కలుపుతున్నాను.

నా ఉద్యోగం పెద్దదేమీ కాదు. మొదట గూడెం కొత్తవీధి వైపు కాఫీ నర్సరీలో మొక్కలకి నీళ్లు పోశాను. తర్వాత మా సంస్థ అరకు దగ్గర ఒక కొండవాలులో కాఫీ పళ్లు కడిగే యూనిట్ పెడితే అక్కడ మిషను ఆపరేటర్‌నయ్యాను. పంట రోజుల్లో రైతులు మధ్యాహ్నం దాటాక ఎర్రటి పళ్లు సంచుల్లో మోసుకొస్తారు. మిషను తొక్క తీస్తుంది. లోపలి గింజకి జిగురు పట్టి ఉంటుంది. రాత్రంతా తొట్టిలో వదిలేసి పొద్దున్నే కడుగుతాం. గింజ ఎండి, సంచికెక్కి, సముద్రం దాటి వెళ్లిపోతుంది. కడిగిన నీళ్లు మాత్రం ఎక్కడికీ వెళ్లవు. ముదురు గోధుమ రంగులో, పులిసిన కల్లు కన్నా ఘాటుగా, ఇక్కడే ఉంటాయి.

ఆ నీళ్ల కోసం యూనిట్ వెనక ఒక గొయ్యి తవ్వారు. అందులో నిలిచి, తేటపడి, నెమ్మదిగా నేలలోకి ఇంకాలని కాగితం మీద రాసి ఉంది. కాఫీ పళ్లకి ఆ కాగితం చదవడం రాదు. కాపు బాగున్న నెలలో గొయ్యి నాలుగు రోజులకే అంచు దాకా వచ్చేది. గోతి అడుగున ఒక పైపు, దానికొక వాల్వు ఉన్నాయి. తిప్పితే నీళ్లన్నీ పక్కనున్న గెడ్డలోకి దూకేవి. ఆ గెడ్డ కొండ దిగి, కింద ఊరి మధ్యలోంచి పారుతుంది. తిప్పేది నేనే.

తిప్పమన్నదెవరని అడుగుతారేమో. ఎవరూ అనలేదు. మా ఆఫీసులో అలాంటివి ఎవరూ నోటితో అనరు. మేనేజర్ బాబు గోతి దాకా వచ్చి, "నిండిపోయిందే..." అని ఫోను చెవికి ఆనించుకుని వెళ్లిపోయేవారు. ఆయన తిరిగొచ్చేసరికి గొయ్యి ఖాళీగా ఉండేది. "గుడ్" అనేవారు. పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తున్నారంటే ఆ పొద్దున్నే గొయ్యి ఖాళీ చేసి, అంచుల్లో రాళ్లకి సున్నం కొట్టి, వాల్వు చక్రం విప్పి ఆయన టేబుల్ సొరుగులో పెట్టేవాళ్లం. చక్రం లేని వాల్వుని ఎవరు మాత్రం అనుమానిస్తారు? వచ్చిన పెద్దమనిషి పరిశుభ్రత బాగుందని పుస్తకంలో రాసి, బొంగులో చికెన్ తిని, మిరియాల పొట్లం పుచ్చుకుని కొండ దిగిపోయేవాడు.

కింద ఊరి నుంచి ఒక పెద్దావిడ వస్తుండేది. ఆమెకీ కొండవాలులో కాఫీ మొక్కలున్నాయి, మా యూనిట్‌కే పళ్లు వేసేది. అందరూ అప్ప అని పిలిచేవాళ్లం, మా వైపు అప్ప అంటే అక్క. వరసగా మూడేళ్లు, పంట మొదలైన వారానికల్లా ఒక ప్లాస్టిక్ సీసా పట్టుకుని మిషను దగ్గరికి వచ్చేది.

"ఇదిగో సూడు నాయినా. ఇయ్యాల గెడ్డలో ముంచినాను. కంపు సూడు. పెద్దోలం కొండెక్కి ఊట నీళ్లు తెచ్చుకుంతన్నాం. పిల్లలు ఆగరు గదా, ఆడుకుంతా ఆడుకుంతా ఇయ్యే తాగేత్తన్నారు. కడుపునొప్పులు, ఒళ్లంతా దద్దుర్లు."

నేను సీసాని వెలుతురుకెత్తి, వైద్యుడిలా తల పంకించి, "అప్పా, నువ్వు అదృష్టవంతురాలివి. ఈ రంగు నీళ్ల కోసం పట్నపోళ్లు లైన్లో నిలబడతన్నారు. నీకు ఇంటి ముందుకే వత్తన్నాయి. కాసిన్ని పాలు పోసుకో, అయిపోద్ది" అన్నాను.

యూనిట్ యూనిట్ అంతా పడీపడీ నవ్వింది. ఆమె నవ్వలేదు. సీసా నా మిషను మీద పెట్టి వెళ్లిపోయింది. మరుసటి ఏడూ అదే సీసా, అదే జోకు, అదే నవ్వు. మూడో ఏడూ అంతే. మంచి జోకులకి మన్నిక ఎక్కువ.

ఆ మూడో ఏడే ఇటలీ కబురు వచ్చింది. అక్కడ కాఫీ గింజలు కొనే పెద్ద వ్యాపారం వాళ్లు ఒక మనిషిని పంపుతున్నారట, యూనిట్ నచ్చితే ఏటా మా గింజలే తీసుకుంటారట. మేనేజర్ బాబు ముఖం కాఫీ పండులా ఎర్రబడింది. వచ్చేది ఆడమనిషని, ఇంగ్లీషు బాగానే వచ్చని తెలిసినా ఆయనకి ఒక ఆలోచన పుట్టింది. స్టాఫంతా ఆమె భాషలోనే స్వాగతం చెప్పాలి. నెల రోజుల్లో నేర్చుకోవాలి. మా సంస్థలో ఆలోచనలు పుట్టవు. పుట్టినవి మాత్రం ఇలా ఉంటాయి.

మాస్టారిని భీమిలి నుంచి తెప్పించారు. ఇటలీ ఓడల్లో చాలా ఏళ్లు వంట చేసి, మోకాళ్లు అరిగాక ఇల్లు చేరిన మనిషి. పొట్ట ముందు, ఆయన వెనక నడిచి వచ్చేవారు. గింజలు ఆరబోసే షెడ్డులో పక్కనున్న బడి నుంచి నల్లబల్ల తెచ్చి పెట్టాం. వాచ్‌మన్, స్టోరు చూసే మేడమ్, టీ కాచే ఆవిడ, తూకం వేసే ఆయన, నేను. సంచుల మీద కూర్చుని నోట్‌బుక్కులు తెరిచాం. నలభై ఏళ్ల తర్వాత పెన్సిల్ పట్టుకున్నాను, వేళ్లకి స్పానర్ పట్టుకున్నట్టే ఉంది.

మాస్టారు మొదటిరోజే మా గుండెల్లో రాయి వేశారు. ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడదో మగదో అయి ఉంటుందట. కాఫీ మగాడు, ఇల్ కఫ్ఫే. నీళ్లు ఆడది, లాక్వా. బల్ల మగది, తావోలో. దాని పక్కనున్న కుర్చీ ఆడది, సేదియా.

"మాస్టారూ, బల్లనీ కుర్చీనీ ఒక గదిలో రాత్రంతా వదిలేత్తే పొద్దున్నకి స్టూళ్లు పుడతాయేటి?" అన్నాను.

స్టోరు మేడమ్ నోట్‌బుక్ ముఖానికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు నవ్వకుండా, "నువ్వు నవ్వుతున్నావ్ గానీ, మన తెలుగు తక్కువ తిందా? ఆవిడ వచ్చింది, ఆవు వచ్చింది, లారీ వచ్చింది. ముగ్గురికీ ఒకటే మాట. వాళ్లు కుర్చీని కూడా ఆడదంటారు. మనం ఆడదాన్ని కూడా కుర్చీతో కలిపేస్తాం. ఎవరు మేలు?" అన్నారు.

స్టోరు మేడమ్ నోట్‌బుక్ దించి నా వైపు చూసింది. నేను బుద్ధిగా సేదియా అని రాసుకున్నాను.

అయినా కొన్ని సంగతులు తేలిగ్గానే ఎక్కాయి. వాళ్ల మాటలు కూడా మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. వస్తున్నాను అంటే చాలు, ‘నేను’ అని విడిగా అననక్కర్లేదు. నువ్వు, మీరు తేడా వాళ్లకీ ఉంది. కాకపోతే ఎదుటివాణ్ణి గౌరవించాలంటే ‘లేయ్’ అనాలి, ఆ మాటకి ‘ఆమె’ అని కూడా అర్థమట. గుబురు మీసాలున్న వాచ్‌మన్‌ని మూడు రోజులు ‘ఆమె’ అనే అర్థంతో ఎంతో గౌరవించాను. నాలుగో రోజు నా టీలో ఉప్పు పడింది.

మాస్టారి వాడుక మాటలన్నీ వంటింట్లో పుట్టినవే. బాస్తా అంటే ఇక చాలు. పియానో పియానో అంటే నెమ్మదిగా, నెమ్మదిగా. దోవే అంటే ఎక్కడ, అదీ ఉప్పు డబ్బా పోయినప్పుడు. మంచి జరగాలని దీవించాలంటే ‘తోడేలు నోట్లోకి’ అనాలట. ఆ మాట విని టీ ఆవిడ, "ఓలమ్మ! ఎలుగుబంటి నోట్లో పడి బతికినోడు మా ఊళ్లో ఉన్నాడు, ఆణ్ణి ఎల్లి అడగండి దీవెనో కాదో" అంది.

మూడో వారంలో మాస్టారు బల్ల మీద ‘నోన్’ అని రాశారు. క్రియకి ముందు ఇదొక్కటి పెడితే అవును కాస్తా కాదు అయిపోతుంది, ఉంది కాస్తా లేదు అయిపోతుంది, ఇంత సులువైన వ్యాకరణం మరెక్కడా ఉండదని చెబుతున్నారు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మేనేజర్ బాబు లోపలికి వచ్చారు.

"మాస్టారూ, ఇది అవసరమా?"

"కాదు అనడం రాకుండా భాష ఎలాగ బాబూ?"

"మా వాళ్లకి కాదు, లేదు తెలుగులోనే ఎక్కువయ్యాయి. ఆమె ఏమడిగినా అవును, బాగుంది, సంతోషం. అంతవరకే చెప్పండి." అంటూ జేబురుమాలు తీసి ఆ మాటని ఆయనే తుడిచేశారు. జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ విధంగా ఒక భాషలోంచి ‘కాదు’ని తీసేసి ఇంటికి పట్టుకెళ్లిన మనిషిని నేను కళ్లారా చూశాను.

క్లాసయ్యాక చుట్ట ముట్టిస్తూ మాస్టారు నాతో, "ఒరే, ఓడలో ‘అవును’ రాకపోయినా బతకొచ్చు. ‘కాదు’ రాకపోతే ఎవడో ఒకడు మరిగే నూనెలో నీళ్లు పోస్తాడు. నీ పుస్తకం చివర రాసుకో" అన్నారు. రాసుకున్నాను. మేనేజర్ బాబుకి తెలీకుండా చేసిన ఏ పనైనా నాకు ఇష్టమే.

చివరి వారం వాక్యాలు పంచారు, బడిలో ఆగస్టు పదిహేనుకి పంచినట్టు. వాచ్‌మన్‌కి బువోన్‌జోర్నో, అంటే శుభోదయం. స్టోరు మేడమ్‌కి మిమ్మల్ని కలవడం సంతోషం. టీ ఆవిడకి ఒక కాఫీ తాగుతారా. నాకు రెండు వచ్చాయి. మోల్తో బువోనో, చాలా బాగుంది. తుత్తో బేనే, అంతా క్షేమం. మిషను గురించి ఆమె ఏమడిగినా ఈ రెండింట్లో ఏదో ఒకటి అనాలి. ఏది ఎప్పుడనాలని అడిగితే, "ఏదైనా ఫరవాలేదు, నవ్వుతూ అను" అన్నారు బాబు.

ఆమె వచ్చే రోజు తెల్లవారకముందే, పొగమంచులో, నాలుగు రోజుల నీళ్లని గెడ్డలోకి వదిలాను. గొయ్యి ఖాళీ అయింది. అడుగున బురద కనబడకుండా రంపపు పొట్టు చల్లాం. రాళ్లకి సున్నం కొట్టాం. చక్రం విప్పి సొరుగులో పెట్టాను. ఆ తర్వాత స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి తుత్తో బేనే అని పదిసార్లు అనుకున్నాను. ఆ పొద్దున నేను చేసిన రెండు పనులకీ మధ్య ఏదైనా తేడా ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆమెకి యాభై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. జీపు దిగగానే వాచ్‌మన్ సెల్యూట్ కొట్టి బువోన్‌జోర్నో అన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. అతని రెండు చేతులూ పట్టుకుని గుక్క తిప్పుకోకుండా ఇటాలియన్‌లో ఏదేదో చెప్పింది. వాచ్‌మన్ అంతా విని, మళ్లీ బువోన్‌జోర్నో అన్నాడు. ఆమె ఇంకేదో అడిగింది. మూడోసారీ అదే. అప్పుడు అర్థమైంది మాకు: ఒక్కొక్కరికి ఒక్కొక్క వాక్యం పంచారుగానీ, ఎదుటి మనిషి జవాబిస్తే ఏం చెయ్యాలో ఎవరికీ పంచలేదు.

నా దగ్గరికి వచ్చేసరికి ఆమె తెలివిగా మాట నెమ్మది చేసింది. "కోమే స్తా?" అంది. ఎలా ఉన్నారు అని. ఇది నా వాటా కాదు, అయినా వచ్చు. "బేనే, గ్రాత్సియే. ఎ లేయ్?" అన్నాను. బాగున్నాను, థాంక్స్, మరి తమరు? ఆమె పకపకా నవ్వి నా భుజం తట్టింది. అంతే, అక్కణ్ణుంచి నేను నేల మీద నడవలేదు. మిషను చూపించి మోల్తో బువోనో అన్నాను. తొట్టి చూపించి తుత్తో బేనే అన్నాను. గోతిని చూపించి రెండూ కలిపి అన్నాను. మేనేజర్ బాబు వెనక నిలబడి నన్ను కన్నకొడుకుని చూసినట్టు చూస్తున్నారు.

అన్నీ చూశాక ఆమె కొండ కిందికి చెయ్యి చాపి, ఊరు చూడాలి, పళ్లు పండించేవాళ్లని కలవాలి అంది. మేనేజర్ బాబు ఇంగ్లీషులో మంచు అన్నారు. దారి బాగోదన్నారు. చిరుతపులి తిరుగుతోందన్నారు. ఆమె తన బూట్లు చూపించి నడక మొదలుపెట్టింది. నా చెయ్యి పట్టుకుని మరీ. బాబు రెండో పక్క నుంచి నా చెవిలో, "ఏమయ్యా, ఆ ముసలామె కనబడితే ఈవిడని పక్క దారికి తిప్పు" అన్నారు.

తిప్పే వీలు దొరకలేదు. అప్ప దారి మధ్యలోనే నిలబడి ఉంది, గెడ్డ ఒడ్డునున్న తన ఇంటి ముందు. పొద్దున నేను వదిలిన నీళ్లు అప్పటికి దిగి వచ్చాయి. నురగ కట్టి, గట్టు రాళ్లకి జిగురులా పట్టుకుని ఉన్నాయి. కంపు మాటల్లో చెప్పలేను. మేనేజర్ బాబు అగరుబత్తి కంపెనీ యజమానిలా గట్టిగా ఊపిరి పీల్చి, "ఫ్రెష్ ఎయిర్" అన్నారు.

అప్ప ఆమెకి నమస్కారం పెట్టి మొదలుపెట్టింది. "సూడమ్మా, ఇదీ మా గెడ్డ. మీరు తాగే కాపీ కడిగిన నీళ్లు ఇయ్యి. మూడేళ్ల నుంచి సెప్తన్నాను, ఎవులూ ఇనుకోరు..."

మేనేజర్ బాబు ఇంగ్లీషులో, మీరు రావడం తమ అదృష్టమని చెబుతోంది అన్నారు. ఆమె అప్ప ముఖం చూసింది. అదృష్టం గురించి మాట్లాడుతున్న ముఖం కాదది. ఇంగ్లీషు వదిలేసి నా వైపు తిరిగింది.

"కే కోజా దీచే?" ఏమంటోంది ఈమె?

కుర్రాళ్లూ, ఇక్కడ టీ కొట్టు కథలో నేను వెంటనే నిజం చెప్పేస్తాను. అసలు జరిగింది ఇది: నవ్వాను. నవ్వి, "మోల్తో బువోనో" అన్నాను.

అప్పకి ఇటాలియన్ రాదు. కానీ నా నవ్వు ఆమెకి మూడేళ్లుగా తెలుసు.  ఇంట్లోకి వెళ్లి తళతళా తోమిన చెంబు తెచ్చింది. మా కొండల్లో గుమ్మంలోకి వచ్చిన మనిషికి ముందు నీళ్లిస్తారు, కబుర్లు తర్వాత. ఇవ్వకపోతే ఇంటికి తప్పు, పుచ్చుకోకపోతే వచ్చినవాళ్లకి తప్పు. అరుగు మీద నీడలో ఊట నీళ్ల కుండ ఉంది. అప్ప ఆ కుండని దాటి వెళ్లింది. గెడ్డలోకి దిగి, చేత్తో నురగ పక్కకి తోసి, చెంబు ముంచి తెచ్చి, రెండు చేతులతో ఆమెకి అందించింది.

నేను చూశాను. మేనేజర్ బాబు చూశారు. ఆమె అప్పుడు గడప మీదున్న పిల్లల వైపు నవ్వుతూ చూస్తోంది, చెంబు ఎక్కడ మునిగిందో చూడలేదు. చెంబు అందుకుని, తల వంచి, గ్రాత్సియే అంది.

దానికి జవాబు నాకు వచ్చు. ప్రేగో. పుచ్చుకోండి అని. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు అన్నానో. నాకు నేర్పిన ఇటాలియన్ మొత్తం ఆ చెంబుని ఆమె నోటి దగ్గరికి తోసే ఇటాలియనే. మేనేజర్ బాబు పెదవులు కూడా కదిలాయి, ప్రేగో అన్నారో, రామా అన్నారో. చెంబు పైకి లేచింది.

"నో!" అని అరిచాను. ఒక్క గెంతులో వెళ్లి చెంబు పట్టుకున్నాను. సగం నీళ్లు నా తెల్లచొక్కా మీద పడ్డాయి. "లాక్వా నోన్ ఎ బువోనా" అన్నాను. నీళ్లు మంచివి కావు. ఎందుకు కావో, ఎవరు చేశారో, ఎప్పట్నుంచో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. ఓడ వంటింట్లో అలాంటివి నేర్పరు. కొండ పైకి చూపించాను, పైపు వైపు. తర్వాత వేలు నా గుండె మీద పెట్టుకుని, "ఇయో" అన్నాను. నేను.

ఆమె అరవలేదు. మిగిలిన నీళ్లు అరచేతిలో పోసుకుని వాసన చూసింది. గెడ్డని చూసింది, నురగని చూసింది. అప్పని చాలాసేపు చూసింది. అప్ప కూడా చూపు తిప్పలేదు. అప్పుడు ఆమె నాతో, "దోవే?" అంది.

ఉప్పు డబ్బా కోసం నేర్చుకున్న మాట. గెడ్డ వెంబడే పైకి తీసుకెళ్లాను. వెనకాల మేనేజర్ బాబు ఇంగ్లీషులో వర్షాలు అంటున్నారు. డిసెంబరు నెల, చుక్క పడి నెలైంది. పైపు దగ్గర ఆమె మోకాళ్ల మీద కూర్చుని వాల్వుని చూసింది. చక్రం లేదు. గాలిలో చెయ్యి తిప్పి, ఏదీ అన్నట్టు మా ఇద్దరి వైపూ చూసింది. నేను బాబుని చూశాను. బాబు కొండని చూశారు. ఆఫీసులోకి వెళ్లి, ఆయన సొరుగు లాగి, చక్రం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. నా సర్వీసులో నేను తిన్నగా చేసిన పని బహుశా అదొక్కటే. అదీ చొక్కా కంపు కొడుతుండగా, తప్పించుకునే దారి లేక.

ఆమె వెళ్లేటప్పుడు ఇంగ్లీషులో నాలుగే ముక్కలు చెప్పింది. ఈ నీళ్లకి దారి చూసేదాకా ఒక్క సంచి కూడా కొనం. అర్థం కానివాళ్లకి స్టోరు మేడమ్ తెలుగులో చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టరు కూడా. ఆ ఏడు యూనిట్ మూతపడింది. రైతులు పళ్లని సంతలో మైదానం షావుకార్లకి వాళ్లు చెప్పిన ధరకే పోశారు. అందులో అప్ప ఊరివాళ్లూ ఉన్నారు, అప్ప కూడా ఉంది. దారిలో కనబడి తిట్టినవాళ్లు తిట్టారు. "ఎవుడడిగినాడ్రా నిన్ను? తాగితే ఒక్క రోజు కడుపునొప్పొచ్చి పోను గదా ఆ దొరసానికి" అని తూకం ఆయన నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. భీమిలి మాస్టారికి ఫోన్ చేసి చెబితే, చాలాసేపు విని, "నీళ్లు ఆడదని గుర్తుపెట్టుకుని బువోనా అన్నావా, మర్చిపోయి బువోనో అన్నావా?" అని మాత్రం అడిగారు.

పై ఏడాది మూడు కొత్త గోతులు, చుట్టూ కాలవలు, కడిగిన నీళ్లని మళ్లీ వాడే ఏర్పాటు వచ్చాయి. ఆ పైపుని సిమెంటుతో మూసేశారు. ఆ పై ఏడాదికి గెడ్డ తేటపడింది, ఇటలీవాళ్లు గింజలూ తీసుకున్నారు. నీటి సంరక్షణలో విశేష కృషి చేసినందుకు మేనేజర్ బాబుకి ఒక ప్రశంసాపత్రం, పెద్ద ఊరికి బదిలీ దొరికాయి. ఫోటోలో జేబురుమాలుతో ముఖం తుడుచుకుంటూ ఉన్నారు. నన్ను మిషను మీంచి తీసి గోనెసంచులు కుట్టే గోడౌన్లో వేశారు. అక్కడ మూడేళ్లు సూదీ దారంతో గడిపి రిటైరయ్యాను.

రిటైరైన మర్నాడు శాలువా భుజాన వేసుకుని, కాజాల పొట్లం పట్టుకుని కింద ఊరికి వెళ్లాను. దేనికి వెళ్లానో దాచడమెందుకు? నాలుగు మంచి మాటలు వినడానికే. గెడ్డలో పిల్లలు ఈదుతున్నారు, నీళ్లలో రాళ్లు కనబడుతున్నాయి. అప్ప అరుగు మీద చోళ్లు చెరుగుతోంది. నలుగురు ఆడవాళ్లు చేరారు. ఇంకేముంది, లేచి నిలబడి, టీ కొట్టు కథ మొత్తం చెప్పాను. మోల్తో బువోనో దగ్గర కొంచెం త్వరగా దాటాను. గెంతు మాత్రం గెంతి చూపించాను. లాక్వా నోన్ ఎ బువోనా అని గొంతెత్తి అరిచాను. ఆడవాళ్లు నవ్వారు. నేను అప్ప వైపు తిరిగాను.

అప్ప చేట పక్కన పెట్టింది. పొట్లం విప్పి కాజాలు ఒక్కొక్కటీ పిల్లలకి పంచింది. తర్వాత నా వైపు చూసి అంది:

"బాగానే సెప్పినావు నాయినా. ఆ దొరసాని ఒక్క గుక్క తాగబోతే ఆయమ్మ బాసలో అరిసి ఆపినావు. మా పిల్లలు మూడేళ్లు తాగినారు గదా, ఆలకి ఏ బాసలో సెప్పాలో తెలీక ఊరుకున్నావేటి?"